కాలువలు కట్టేశాక గ్యాస్ బాయిలర్ ఎక్కువ తింటోందా? బర్నర్ కాదు, ముందు నీళ్లు చూడండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నరసాపురం దగ్గర రొయ్యల ప్లాంటు. కుక్కర్ల కోసం 1 టన్ను గ్యాస్ బాయిలర్ డిసెంబర్‌లో బిగించారు. మార్చి దాకా ఏ గొడవా లేదు. ఏప్రిల్ నెలాఖరు నుంచి చిమ్నీ టెంపరేచర్ 220 నుంచి 265 డిగ్రీలకు ఎక్కింది, గ్యాస్ ఖర్చు దాదాపు 15 శాతం పెరిగింది. మధ్యాహ్నం పూట బర్నర్ లాకౌట్ అవుతోంది, అంటే తనంతట తానే ఆగిపోయి రీసెట్ నొక్కేదాకా వెలగడం లేదు. నీటిమట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు నురగ కట్టి ఊగుతున్నాయని ఆపరేటర్ గంటకోసారి బ్లోడౌన్ (బాయిలర్ నీళ్లు కొంత బయటికి వదిలే వాల్వ్) తెరుస్తున్నాడు. బర్నర్ టెక్నీషియన్ రెండుసార్లు వచ్చి గాలి సర్దినా ఫలితం లేదు. బర్నర్ మార్చాలా అని ఒక ప్రశ్న, పక్కనే పెట్టబోయే రెండో బాయిలర్‌కు ఏమేం చూసుకోవాలని ఇంకో ప్రశ్న.

బర్నర్ మార్చకండి. ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక బాయిలర్ దగ్గర ఫైర్‌మన్‌గా మొదలుపెట్టి, బాయిలర్లు నడిపే ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ తెచ్చుకుని, ఇరవై ఏళ్లకు పైగా ఈ డెల్టాలోనే బాయిలర్లు చూస్తున్నాను. వేసవిలో ఇలాంటి ఫోన్ ఎవరు చేసినా నేను ముందు అడిగేది ఒకటే: మీకు కాలువ ఎప్పుడు కట్టేశారు, అంటే నీళ్లు ఎప్పుడు ఆపేశారు?

ధవళేశ్వరం నుంచి నీళ్లు వచ్చినన్నాళ్లూ మీ బాయిలర్ కాలువ నీళ్లు తాగింది. కాలువ కట్టేశాక బోరు వేశారు. ఆ సంగతి మీ ఉత్తరంలో లేదు. బహుశా దాన్నొక మార్పుగా మీరు అనుకుని ఉండరు. బాయిలర్‌కు మాత్రం అది పూర్తిగా వేరే నీరు. సముద్రం పక్కన, చుట్టూ చెరువులున్న చోట బోరులో ఉప్పు, గట్టిదనం రెండూ ఎక్కువే. కాలువ నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 200 దగ్గర ఉంటే, మీ వైపు బోరులో 1200 కనిపించినా నేను ఆశ్చర్యపోను. మీటర్ పెట్టి చూసి మీ అంకె మీరే రాసుకోండి. లెక్క కోసం నేను ఈ రెండు అంకెలూ తీసుకుంటున్నాను.

సాఫ్ట్‌నర్ ఉంది కదా అంటారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. సాఫ్ట్‌నర్ తీసేది గట్టిదనాన్ని (హార్డ్‌నెస్), అంటే కాల్షియం, మెగ్నీషియాన్ని. వాటి బదులు సోడియం వదులుతుంది. ఉప్పును తీయదు. 1200 టీడీఎస్ లోపలికి వెళ్తే 1200 గానే బయటికి వస్తుంది. ఆ నీళ్లు బాయిలర్‌లో మరుగుతుంటే ఆవిరి వెళ్లిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఇలాంటి షెల్ బాయిలర్‌లో (డ్రమ్ము నిండా నీళ్లు, వాటి మధ్య ట్యూబుల్లో మంట, పొగ) టీడీఎస్ 3500 దాటనివ్వకూడదు, నేనైతే 3000 దగ్గర ఆపుతాను. దానికి ఎంత నీరు వదిలేయాలో లెక్క తేలిక. ఫీడ్, అంటే బాయిలర్‌లోకి పోసే నీటి టీడీఎస్‌ను, 3000 లోంచి అదే ఫీడ్ టీడీఎస్ తీసేయగా మిగిలినదానితో భాగించండి. కాలువ నీటికి 200ను 2800తో భాగిస్తే 7 శాతం. టన్ను ఆవిరికి 70 లీటర్లు వదిలితే సరి. బోరు నీటికి 1200ను 1800తో భాగిస్తే 67 శాతం! టన్ను ఆవిరికి 670 లీటర్ల వేడినీళ్లు గుంటలోకి పోతాయి.

7 కేజీల ప్రెజర్ దగ్గర ఆ నీళ్ల వేడి 170 డిగ్రీలు. 35 డిగ్రీల నీళ్లను అంత వేడిచేసి పారబోస్తున్నారు. లీటరుకు సుమారు 137 కిలో కేలరీల చొప్పున 670 లీటర్లకు 92 వేల దాకా అవుతుంది. ఘనపు మీటరు గ్యాస్‌లో 8500 కిలో కేలరీలు, బాయిలర్ సామర్థ్యం 87 శాతం అనుకుంటే, టన్ను ఆవిరికి 12 ఘనపు మీటర్ల గ్యాస్ బ్లోడౌన్ పైపులోంచే పోతోందన్నమాట. టన్ను ఆవిరి చేయడానికి అసలు పట్టేది 85 దాకా. కాలువ నీళ్లున్నప్పుడు బ్లోడౌన్‌లో పోయేది 1 ఘనపు మీటరు పైచిలుకు. అంటే 86 పట్టే చోట 11 అదనం. మీ 15 శాతంలో 13 శాతం దొంగ ఇక్కడే దొరికాడు. ఆపరేటర్‌ను కోప్పడకండి. నురగ కడుతున్న నీళ్లకు అతను చేయగలిగింది అదే. అతను బ్లోడౌన్ మానేసి ఉంటే ఉప్పునీళ్లు ఆవిరితో పాటు లేచి రొయ్యల మీద పడేవి.

మిగతా 2 శాతం చిన్నదిగా కనిపిస్తుంది కానీ, నాకు టెన్షన్ దాని గురించే. చిమ్నీ టెంపరేచర్ 22 డిగ్రీలు పెరిగితే సామర్థ్యం సుమారు 1 శాతం తగ్గుతుంది. మీకు 45 డిగ్రీలు పెరిగింది. బాగా మండే గ్యాస్ మసి వదలదు. కాబట్టి ట్యూబుల లోపల పొగవైపు శుభ్రంగా ఉండి, అదే ప్రెజర్‌లో, అదే ఫైరింగ్‌లో టెంపరేచర్ ఎక్కిందంటే, నీటివైపు సున్నం పేరుకుందనే నేను అనుమానిస్తాను. పోయేది గ్యాస్ డబ్బులే అయితే సర్దుకోవచ్చు. కానీ సున్నం పెచ్చు కట్టిన చోట నీళ్లు ఇనుమును చల్లబరచలేవు. ఫర్నేస్ ట్యూబు, అంటే మంట మండే పెద్ద గొట్టం, ఎర్రబడి మెత్తబడుతుంది.

సాఫ్ట్‌నర్ ఉండగా సున్నం ఎలా వచ్చిందో చూడండి. మీ సాఫ్ట్‌నర్‌లో గట్టిదనాన్ని పట్టే రెజిన్ గుళ్లు 100 లీటర్లు ఉంటే, లీటరుకు 50 గ్రాముల చొప్పున ఒకసారి ఉప్పు పెట్టాక (ఉప్పునీళ్లతో కడిగి రెజిన్‌ను మళ్లీ సిద్ధం చేశాక) 5 కేజీల గట్టిదనం పట్టుకుంటుంది. నీటి హార్డ్‌నెస్ 150 పీపీఎం (లీటరుకు 150 మిల్లీగ్రాములు) అయితే 33 వేల లీటర్లకు సరిపోతుంది. అదే 600 అయితే 8 వేల లీటర్లకే అయిపోతుంది. కుక్కర్లలోకి ఆవిరి నేరుగా వదులుతారు కాబట్టి మీకు కండెన్సేట్ (ఆవిరి చల్లారి అయిన నీరు) వెనక్కి రాదు, పోసేవన్నీ కొత్త నీళ్లే. పైగా బ్లోడౌన్ పెరగడంతో ఫీడ్ నీళ్లు కూడా ఒకటిన్నర రెట్లయ్యాయి. అంటే ఒక షిఫ్టు గడవకముందే రెజిన్ చేతులెత్తేస్తుంది. ఆపరేటర్ మాత్రం చలికాలం అలవాటు ప్రకారం మూడు రోజులకోసారి ఉప్పు పెడుతున్నాడు. మధ్యలో రెండు రోజులు గట్టినీళ్లు నేరుగా బాయిలర్‌లోకి వెళ్లాయి.

రోజులు లెక్కపెట్టి కాదు, లీటర్లు లెక్కపెట్టి ఉప్పు పెట్టాలి. ఫీడ్ లైన్‌కు ఒక వాటర్ మీటర్ బిగించండి. హార్డ్‌నెస్ టెస్ట్ కిట్ ఒకటి బాయిలర్ గదిలోనే ఉండాలి. చుక్కలు వేస్తే నీలం రంగు రావాలి, గులాబీ తిరిగితే ఆ నీళ్లు బాయిలర్‌కు ఇవ్వకూడదు. షిఫ్టుకు రెండుసార్లు చూడమనండి. ఫీడ్‌లో హార్డ్‌నెస్ 5 పీపీఎం దాటకూడదు, 2 లోపు ఉంటే మంచిది.

అసలు పరిష్కారం ఆర్వో. ఐసుకో, ప్రాసెసింగ్‌కో మీ ప్లాంటులో ఇప్పటికే ఒకటి ఉండే ఉంటుంది. గంటకు వెయ్యి లీటర్లు దానిలోంచి బాయిలర్‌కు మళ్లించగలరేమో చూడండి. 1200 టీడీఎస్ 100కు దిగితే బ్లోడౌన్ 3, 4 శాతానికి వచ్చేస్తుంది. అయితే ఆర్వో నీళ్లు కాస్త ఆమ్లగుణంతో ఉంటాయి, అలాగే పోస్తే ఇనుమును తింటాయి. మందు వేసి బాయిలర్ నీటి పీహెచ్ 10.5 నుంచి 11.5 మధ్య నిలబెట్టాలి. ఆక్సిజన్‌కు సోడియం సల్ఫైట్ వాడండి, 1 పాలు ఆక్సిజన్‌కు 8 పాళ్లు కావాలి. మీ ఆవిరి నేరుగా రొయ్యకు తగులుతుంది. అందుచేత హైడ్రజీన్ లాంటి విషపు మందులు దగ్గరికి కూడా రానివ్వద్దు, ఆహారానికి తగిలే ఆవిరికి పనికొస్తుందని రాతపూర్వకంగా ఇచ్చిన మందే కొనండి.

ఆర్వో కుదరకపోతే మన ఊళ్లు చేసే పనే చేయండి. కాలువ కట్టేసేలోపు ఊరు మంచినీళ్ల చెరువు నింపుకుంటుంది కదా, మీరూ నింపుకోండి. రోజుకు పది గంటలు నడిపితే బ్లోడౌన్‌తో కలిపి 11 వేల లీటర్లు. నెలన్నరకు దాదాపు 500 ఘనపు మీటర్లు. పదిహేడు మీటర్ల పొడవు, పదిహేడు వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంట చాలు, ఎండకు ఇగిరేది పోను ఇంకాస్త వేసుకోండి. అడుగున ప్లాస్టిక్ షీటు తప్పనిసరి. పక్క చెరువు ఉప్పు ఊట తగిలితే ఆ గుంట ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇప్పుడు పేరుకున్నదాన్ని తీయాలి. బాయిలర్‌ను తనంతట తాను చల్లారనిచ్చి మ్యాన్‌హోల్, మడ్‌హోల్స్ తెరవండి. టార్చి వేసి ఫర్నేస్ ట్యూబు పైభాగం, ట్యూబుల మొదళ్లు చూడండి. ఒక పెచ్చు ఊడదీసి దాని మీద నాలుగు చుక్కల ఆసిడ్ వేయండి. బుసబుస పొంగితే కార్బొనేట్ సున్నం, ఆసిడ్ వాష్‌కు లొంగుతుంది. పొంగకపోతే సల్ఫేటో సిలికానో అయి ఉంటుంది, అది మామూలు వాష్‌కు కరగదు. వాష్ మాత్రం ఇన్హిబిటర్ (ఆసిడ్ ఇనుమును తినకుండా ఆపే మందు) కలిపిన ఆసిడ్‌తో, ఆ పనిలో ఆరితేరినవాళ్ల చేతే చేయించండి. ఆ సమయంలో హైడ్రోజన్ పుడుతుంది, దగ్గర్లో వెల్డింగ్, బీడీ ఏవీ ఉండకూడదు. తెరిచినప్పుడు ట్యూబు ఎక్కడైనా ఉబ్బినట్టో, కుంగినట్టో కనిపిస్తే అక్కడితో ఆపి బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయండి. మీకు తెలిసిన వెల్డర్‌తో అతుకు వేయించవద్దు. 1923 నాటి చట్టం పోయి 2025 బాయిలర్ల చట్టం వచ్చినా ఈ నియమం మారలేదు, మరమ్మతుకు అనుమతి, అర్హత ఉన్న వెల్డరు రెండూ కావాలి.

ఇక మధ్యాహ్నం లాకౌట్లు. దీనికి మాత్రం బర్నర్ సర్దుబాటే కారణమని నా అంచనా. మీ బర్నర్‌ను డిసెంబర్ ఉదయం 18 డిగ్రీల గాలిలో సెట్ చేశారు. ఫ్యాన్ ఎప్పుడూ ఒకే పరిమాణం గాలి తోస్తుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఆ గాలి పలచబడి బరువులో 7, 8 శాతం తగ్గుతుంది. రెగ్యులేటర్ గుండా వచ్చే గ్యాస్ అంతగా మారదు. చలికాలంలో చిమ్నీలో 3 శాతం ఉన్న ఆక్సిజన్ ఇప్పుడు 1.5 దగ్గరికి పడిపోతుంది. గ్యాస్ పూర్తిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, మంట వణుకుతుంది, ఫ్లేమ్ సెన్సర్ మంట పోయిందనుకుని గ్యాస్ కట్ చేస్తుంది. పైగా చిమ్నీ వేడి తగ్గించాలని మీ టెక్నీషియన్ గాలి ఇంకా మూసి ఉంటే పరిస్థితి ఇంకా ముదిరి ఉంటుంది. అలాంటప్పుడు గ్యాస్ కూడా మసి కడుతుంది. అందుకే బాయిలర్ తెరిచిన రోజునే ముందు డోరు కూడా తీసి ట్యూబుల లోపలివైపు వేలు పెట్టి చూడండి.

బర్నర్‌ను కంటితో సెట్ చేసేవాళ్లను మళ్లీ పిలవకండి. చిమ్నీలో ఫ్లూ గ్యాస్ అనలైజర్ (పొగను కొలిచే మీటర్) పెట్టి, లో ఫైర్ (సన్న మంట) నుంచి హై ఫైర్ (పూర్తి మంట) దాకా ఒక్కో మెట్టు దగ్గర ఆగి రీడింగ్ రాయాలి. హై ఫైర్‌లో ఆక్సిజన్ 3 నుంచి 3.5, లో ఫైర్‌లో 4 నుంచి 5, కార్బన్ మోనాక్సైడ్ అన్ని మెట్లలో 50 పీపీఎం లోపు. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ముందు ఒకసారి, చలి మొదలయ్యాక ఒకసారి చేయించండి. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఉప్పు గాలిలోని సోడియం వల్ల నీలం మంటలో నారింజ మెరుపులు కనిపిస్తాయి. అది చూసి మంట బాగాలేదని గాలి తిప్పేసేవాళ్లను చాలామందిని చూశాను. మీరు నమ్మాల్సింది అనలైజర్‌ను.

లాకౌట్ పడగానే రీసెట్ నొక్కేసే అలవాటు ఉంటే ఈరోజే మాన్పించండి. డిస్‌ప్లేలో కోడ్ రాసుకున్నాకే రీసెట్ చేయాలి. రెండుసార్లు వెలగకపోతే మూడోసారి ప్రయత్నించకుండా గ్యాస్ కాక్ మూసి మనిషిని పిలవాలి. వెలిగించే ముందు ఫ్యాన్ ఫర్నేస్‌లోని పాత గ్యాస్‌ను ఊడ్చేసే సమయాన్ని, అంటే పర్జ్‌ను, తొందర కోసం తగ్గించమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య గ్యాస్ కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ లీకై నిప్పంటుకుని ఏం జరిగిందో మన జిల్లాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

లాకౌట్ ఒకటి, లో వాటర్ ట్రిప్ (నీటిమట్టం తగ్గిందని బర్నర్ ఆగిపోవడం) ఇంకొకటి. మీకు రెండూ పడుతుండవచ్చు. మూడు కుక్కర్లు ఒకేసారి తెరిస్తే ప్రెజర్ దభాలున పడి, నురగతో నీటిమట్టం పొంగినట్టు కనిపిస్తుంది, పంపు ఆగిపోతుంది. తర్వాత నీళ్లు ఒక్కసారిగా కిందికి దిగి ట్రిప్ పడుతుంది. కుక్కర్లను రెండేసి నిమిషాల తేడాతో తెరవమనండి. కొన్నేళ్ల క్రితం ఒక ప్లాంటులో ఈ ట్రిప్ చికాకుకు విసిగి ఆపరేటర్ లెవెల్ కంట్రోల్‌కు చిన్న వైరు ముక్కతో డైరెక్ట్ కలిపేశాడు. పదకొండు రోజులు బాగానే నడిచింది. పన్నెండో రోజు ఫీడ్ పంపు గాలి పట్టింది. నేను వెళ్లేసరికి ఫర్నేస్ ట్యూబు పైభాగం లోపలికి జానెడు కుంగి ఉంది. ఆ కుర్రాడు ప్యానెల్ పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు. అతనికి పాతికేళ్లు లేవు. నీళ్లు కనిపించకపోయేసరికి కంగారులో పంపు వాల్వ్ తిప్పబోయి, ఎందుకో ఆగాడట. ఆగకుండా ఆ ఎర్రటి ఇనుము మీద చన్నీళ్లు పోసి ఉంటే అతను ఉండేవాడు కాదు.

మీ ఆపరేటర్‌కు ఇది నోటికి వచ్చేలా చెప్పండి: గ్లాసులో నీళ్లు కనిపించకపోతే బర్నర్ ఆపాలి, స్టీమ్ వాల్వ్ మూయాలి, నీళ్లు పెట్టకూడదు, దూరంగా ఉండాలి. రోజూ షిఫ్టు మొదట్లో గేజ్ గ్లాస్, లెవెల్ కంట్రోల్ ఛాంబర్ రెండూ బ్లో చేయాలి. ఛాంబర్ బ్లో చేసినప్పుడు బర్నర్ నిజంగా ఆగుతోందో లేదో కళ్లతో చూడాలి. ఆగకపోతే ఆరోజు ఆవిరి లేదు, రొయ్యలు ఐసులో ఉంటాయి.

రెండో బాయిలర్ సంగతి. మన నల్లమట్టి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. పునాదిని ఆ లెక్కతో వేయించండి. దిమ్మ ఎత్తు వరద మట్టానికి పైన ఉండాలి. బర్నర్, గ్యాస్ ట్రెయిన్ (బర్నర్‌కు గ్యాస్ ఇచ్చే వాల్వుల వరస), ప్యానెల్ ఒక్కసారి నీట మునిగితే మళ్లీ నమ్మడానికి లేదు. ముందువైపు ట్యూబు పొడవంత ఖాళీ వదలండి, లేకపోతే రేపు ట్యూబు మార్చాలంటే గోడ పగలగొట్టాలి. చిమ్నీని తుపాను గాలికి తట్టుకునేలా నాలుగు వైపులా తీగలతో లాగి కట్టించండి. పైపు గ్యాస్ గాలికన్నా తేలిక కాబట్టి గది పైకప్పు దగ్గర గాలి బయటికి పోయే దారి ఉండాలి. సిలిండర్ బ్యాంకుతో ఎల్పీజీ అయితే సరిగ్గా తలకిందులు, అది కిందికి దిగి గుంటల్లో, కేబుల్ ట్రెంచిల్లో దాక్కుంటుంది. ఎల్పీజీ మీద నడిచిన బర్నర్‌ను పైపు గ్యాస్‌కు మార్చేటప్పుడు ప్రెజర్ తిప్పితే సరిపోదు, నాజిల్ మార్చి మొదటినుంచి ట్యూన్ చేయాలి.

ఫీడ్ ట్యాంకును పంపుకన్నా రెండు మూడు మీటర్ల ఎత్తులో పెట్టి నీళ్లను 85 డిగ్రీల దాకా వేడి చేయండి. నీటిలోని ఆక్సిజన్ మూడో వంతుకు తగ్గుతుంది, సల్ఫైట్ ఖర్చు కూడా అంతే తగ్గుతుంది. ట్యాంకు కింద పెడితే వేడినీళ్లకు పంపు గాలి పట్టి గరగరమంటుంది. స్టీమ్ లైన్‌కు ఆవిరి వెళ్లే వైపు నూటికి ఒకటి వాలు, ముప్పై నలభై మీటర్లకో ట్రాప్ (ఆవిరిని ఆపి నీటిని మాత్రం వదిలే వాల్వ్) పెట్టండి. సేఫ్టీ వాల్వ్ పైపు గది బయటికి వెళ్లాలి, దాని బరువు వాల్వ్ మీద పడకూడదు.

కొత్త గ్యాస్ బాయిలర్ మొదటి రోజు చిమ్నీ అడుగున, ముందు డోరు కింద నీళ్లు కారితే కంగారుపడి ట్యూబు లీకని ఫోన్ చేస్తారు. ఘనపు మీటరు గ్యాస్ మండితే దాదాపు లీటరున్నర నీరు ఆవిరిగా పుడుతుంది, మీ బాయిలర్ గంటకు నూరు లీటర్లకు పైగా పొగలో వదులుతుంది. ఇనుము చల్లగా ఉన్నంతసేపు అది నీరై కారుతుంది. బాయిలర్ పూర్తిగా వేడెక్కి అరగంటైనా ఆగకపోతే అప్పుడు లీకు వెతకండి.

పంట లేక ప్లాంటు మూసే వారాల్లో బాయిలర్‌ను సగం నీళ్లతో వదిలేయకండి. ఈ తేమలో నీటిమట్టం గీత వెంబడే తుప్పు తినేస్తుంది. రెండు మూడు వారాలైతే సల్ఫైట్ కలిపిన నీళ్లతో పైదాకా నింపి వాల్వులు మూయండి. అంతకన్నా ఎక్కువైతే పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, పళ్లాల్లో నీళ్లు తగలని సున్నం (క్విక్‌లైమ్) లోపల పెట్టి బిగించి, ప్యానెల్ మీద ఆ సంగతి రాసి అతికించండి. తిరిగి నీళ్లు పెట్టే ముందు పళ్లాలు బయటికి తీయాలి.